పుస్తకం చదవకుండా చర్చకు వచ్చేవాళ్లను ఏం చేయాలి?

మూడోవరుస_కుర్చీ
మా లైబ్రరీలో నెలకోసారి పుస్తక చర్చ ఉంటుంది. ఏడాదిన్నరగా నేనే నడుపుతున్నాను. ఉద్యోగం కాదు, ఇష్టం కొద్దీ చేస్తున్న పని. మొదటి నెల 19 మంది వచ్చారు. మొన్న శనివారం ఐదుగురు. ఆ ఐదుగురిలో పుస్తకం పూర్తిగా చదివింది ఇద్దరమే, నాతో కలిపి.

540 పేజీల నవల పెట్టుకున్నాం. ఒకాయన రచయిత జీవితం గురించి 25 నిమిషాలు ఆపకుండా చెప్పారు. మొదటిసారి వచ్చిన ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో ఏవో రాసుకుని తెచ్చుకుంది. పాపం, నోరు విప్పే సందే దొరకలేదు. మధ్యలో లేచి వెళ్లిపోయింది. ఇంటికొచ్చినా ఆ నోట్‌బుక్కే గుర్తొస్తోంది.

"చదవనివాళ్లు రావద్దు" అని బోర్డు మీద రాద్దామంటే లైబ్రేరియన్ ఒప్పుకోలేదు. పబ్లిక్ లైబ్రరీలో ఎవరినీ రావద్దనే హక్కు మనకు లేదన్నారు. మీలో ఎవరైనా ఇలాంటి బృందం నడిపారా? చదవనివాళ్లతో ఏం చేస్తారు? ఆపకుండా మాట్లాడేవాళ్లను ఎలా ఆపుతారు? నెలాఖరు శనివారం వస్తోందంటే ఇప్పుడు నాకు టెన్షన్‌గా ఉంటోంది.

పుస్తకాలపురుగు
బోర్డు పెట్టాల్సిందే. నెల రోజులు నిద్ర మానుకుని చదివి వెళ్తాం. అక్కడ సగం మంది "ముగింపు చెప్పేయకండి, మేమింకా అక్కడికి రాలేదు" అంటారు. ముగింపు గురించి మాట్లాడకుండా నవల గురించి ఏం మాట్లాడాలి? ఇలాగే రెండు బృందాలు మానేశాను.

చెట్టుకింద_చదువు
+1. చదివినవాళ్లకు కూడా కాస్త గౌరవం ఉండాలి కదా.

రెండోముద్రణ
నేను ఒప్పుకోను. అమ్మ మంచంలో ఉన్న ఏడాదంతా నేను వెళ్లగలిగిన చోటు మా లైబ్రరీ చర్చ ఒక్కటే. నెలకు గంటన్నర. ఆ ఏడాది ఒక్క పుస్తకం కూడా పూర్తి చేయలేదు. మూలన కూర్చుని వినేదాన్ని. వాళ్లు మాట్లాడుకున్న పుస్తకాల్లో నాలుగు ఆ తర్వాత ఒక్కొక్కటిగా తెచ్చుకుని చదివాను. ముగింపు ముందే తెలిసినా ఏమీ పోలేదు. తలుపు దగ్గర "చదివారా?" అని ఎవరైనా అడిగి ఉంటే ఆ రోజే వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని. మళ్లీ వెళ్లేదాన్ని కూడా కాదు.

పుస్తకాలపురుగు
రెండోముద్రణ గారూ, మీలా వినడానికి వచ్చేవాళ్ల గురించి కాదండీ నేనన్నది. చదవకుండా వచ్చి మాట్లాడేవాళ్ల గురించి.

కౌంటర్_అవతల
22 ఏళ్లుగా లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. మూడోవరుస గారూ, ముందు ఒక్కటి చెప్పండి. ఆ 540 పేజీల నవల మీ లైబ్రరీలో ఎన్ని కాపీలు ఉన్నాయి?

మూడోవరుస_కుర్చీ
మూడు.

కౌంటర్_అవతల
అనుకున్నాను. పుస్తకం తీసుకెళ్లే గడువు చాలా చోట్ల రెండు వారాలు. మూడు కాపీలు, రెండు వారాలు అంటే నెలకు ఆరుగురి చేతికి మాత్రమే ఆ పుస్తకం వెళ్తుంది. అదీ అందరూ గడువులోగా తెచ్చి ఇస్తేనే. ఇక చదవడం సంగతి. పనులన్నీ అయ్యాక రోజుకు అరగంట దొరికితే ఇరవై పేజీలు చదువుతారనుకోండి. 540 పేజీలకు 27 రోజులు కావాలి. చేతిలో ఉండేది 14 రోజులు. మీ వాళ్లు చదవలేదని బాధపడుతున్నారు గానీ, చదివే వీలు వాళ్లకు ఎక్కడుంది? ఈ లెక్క బృందం నడిపేవాళ్లు వేసుకోరు. అందుకే ఇంత సూటిగా చెప్తున్నాను.

మా దగ్గర ముందు కాపీలు లెక్కపెడతాం, ఆ తర్వాతే పుస్తకం ఎంచుకుంటాం. రెండు నెలల ముందే పేరు ఖాయం చేసి, పక్క శాఖల నుంచి కాపీలు తెప్పించి, చర్చకు వచ్చేవాళ్ల కోసం విడిగా ఒక అరలో పెడతాం. కొన్ని దేశాల్లో లైబ్రరీలు ఒకే పుస్తకం పది పన్నెండు కాపీలు, ప్రశ్నల కాగితం కలిపి ఒక సంచీలో పెట్టి బృందానికి మొత్తంగా ఇచ్చేస్తాయి. అది మీకు లేకపోతే కథ పెట్టుకోండి, నాటకం పెట్టుకోండి, 120 పేజీల నవల పెట్టుకోండి.

బోర్డు విషయంలో మీ లైబ్రేరియన్ మాటే సరైనది. యునెస్కో పబ్లిక్ లైబ్రరీ ప్రకటన 1949లో వచ్చింది, 1994లో, మళ్లీ 2022లో తిరగరాశారు. వయసు, మతం, భాష, హోదా ఏదైనా సరే అందరికీ సమానంగా సేవ అందాలన్నది దాని ప్రాణం. చర్చ లైబ్రరీ గదిలో జరుగుతున్నంత కాలం అది కూడా లైబ్రరీ సేవే.

చెట్టుకింద_చదువు
ఈ 27 రోజుల లెక్క చూశాక నా +1 వెనక్కి తీసుకుంటున్నాను.

ఆకాశవీధి
మా బృందంలో 700 పేజీల పుస్తకం పెట్టినప్పుడు ఒకాయన చివరి అధ్యాయం మాత్రమే చదివి వచ్చారు. ఆ రోజు అందరికంటే బాగా మాట్లాడింది ఆయనే :)

పుస్తకాలపురుగు
కాపీల లెక్క నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ కౌంటర్ గారూ, చిన్న పుస్తకాలే పెట్టుకుంటూ పోతే పెద్ద నవలలు ఎప్పుడు చదవాలి? ఒంటరిగా మోయలేని పుస్తకాల కోసమే కదా బృందం కావాలి.

కౌంటర్_అవతల
మంచి ప్రశ్న. పెద్ద నవలను నాలుగు నెలలకు పంచండి. మీ 540 పేజీలకైతే నెలకు 135 పేజీలు. ఆ నెల చర్చ అంతవరకే. "ముగింపు చెప్పొద్దు" అన్న గొడవ కూడా ఉండదు.

తాతగారి_కళ్లజోడు
మూడోవరుస అమ్మా, ఆ 25 నిమిషాల పెద్దమనిషి గురించి చెప్పాలని ఉంది. ఒకప్పుడు మా లైబ్రరీలో ఆ మనిషిని నేనే.

ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో నా మాట వినేందుకు ఎవరూ లేరు. పిల్లలు దూరంగా ఉన్నారు, మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. నెలంతా మనసులో పోగైనదంతా ఆ గంటన్నరలో బయటికి వచ్చేసేది. ఎదుటివాళ్లు గడియారం చూసుకోవడం నాకు కనిపించేది. అయినా ఆగలేకపోయేవాణ్ణి.

బృందం నడిపే అమ్మాయి నన్ను అందరి ముందూ ఆపలేదు. ఒకరోజు చర్చకు అరగంట ముందు రమ్మంది. "మాస్టారూ, రచయిత గురించి, ఆ కాలం గురించి మీకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలియదు. చర్చ మొదలుపెట్టే ఐదు నిమిషాలు మీవి. ఆ తర్వాత కొత్తగా వచ్చినవాళ్లు మాట్లాడేలా చూసే పని కూడా మీదే" అంది. ఐదు నిమిషాల కోసం నాలుగు రోజులు కూర్చుని రాసుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ పాఠం తయారు చేసుకున్నట్టు అనిపించింది. ఇక రెండో పని. ఎవరు మాట్లాడలేదో చూడాలంటే ముందు నేను నోరు మూసుకోవాలి కదా. అలా అలవాటైపోయింది. ఆయన్ను బయటికి పంపకండి. ఒక పని అప్పగించి చూడండి.

రెండోముద్రణ
మాస్టారూ, ఇది చదువుతుంటే కళ్లు తడిశాయి.

గడియారం
మా పద్ధతి ఇంకా తేలిక. గుండ్రంగా కూర్చుంటాం. మొదటి చుట్టులో ఒక్కొక్కరికి రెండే నిమిషాలు, ఎవరూ అడ్డు రాకూడదు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు "తర్వాత" అంటే చాలు. ఆ చుట్టు పూర్తయ్యాకే ఎవరైనా రెండోసారి మాట్లాడాలి. నోట్‌బుక్ తెచ్చుకున్న ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చి ఉంటే తప్పకుండా మాట్లాడేది.

ఆకాశవీధి
గడియారం గారూ, మా దగ్గర ఇది చేసి చూశాం. మొదటి చుట్టుకే 40 నిమిషాలు పట్టింది. అందరూ తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఏం చెప్పాలో నెమరువేసుకుంటున్నారు తప్ప పక్కవాళ్ల మాట వినడం లేదు. ఇరవై మంది ఉంటే కుదరదు.

గడియారం
మేం ఎనిమిది మందిమే. ఇరవై మంది ఉంటే రెండు జట్లుగా విడిపోండి. పది మంది దాటాక ఎలా నడిపినా నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు.

నిశ్శబ్దం
అసలు ఒకే పుస్తకం అందరూ చదవాలని ఎందుకు? 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు స్నేహితురాళ్లు సైలెంట్ బుక్ క్లబ్ అని మొదలుపెట్టారు. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకుంటారు, కలిసి కూర్చుని మౌనంగా చదువుకుంటారు. ఇష్టమైతే తర్వాత మాట్లాడుకుంటారు, లేదంటే లేదు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో జరుగుతోంది. చదవలేదన్న బెంగ ఉండదు, కాపీల గొడవ ఉండదు.

పుస్తకాలపురుగు
అది బాగానే ఉంటుంది, కాదనను. కానీ అది కలిసి చదవడం, చర్చ కాదు. ఒకే వాక్యం నాకు ఒకలా, పక్కవాళ్లకు ఇంకోలా ఎందుకు అర్థమైందో తెలియాలంటే ఇద్దరం ఒకే వాక్యం చదివి ఉండాలి. నేను వెళ్లేది దానికోసమే.

ప్రశ్నార్థకం
అందరూ మనుషుల గురించి మాట్లాడుతున్నారు. నాకు ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. మూడోవరుస గారూ, మీరు చర్చను ఏ ప్రశ్నతో మొదలుపెడతారు?

మూడోవరుస_కుర్చీ
"పుస్తకం ఎలా అనిపించింది?" అని.

ప్రశ్నార్థకం
చిక్కు అక్కడే ఉందండీ. దానికి "బాగుంది", "బోర్ కొట్టింది" తప్ప జవాబు రాదు. ఆ రెండూ అయ్యాక ఒక నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దంలోకి ఎవరో ఒకరు రచయిత జీవిత చరిత్రతో దూకుతారు. మీ పెద్దమనిషి తప్పు లేదు, ఆయన ఖాళీని నింపారు.

షికాగోలో 1947లో రాబర్ట్ హచిన్స్, మార్టిమర్ ఆడ్లర్ గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ పెట్టారు. మామూలు జనం గుంపులుగా కూర్చుని పుస్తకాలు చర్చించుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. చర్చ నడిపే మనిషి తనకు నిజంగా జవాబు తెలియని ప్రశ్నే అడగాలి. జవాబు దగ్గర పెట్టుకుని అడిగితే అది పరీక్ష అవుతుంది. పరీక్ష అనగానే చదవనివాళ్లు భయపడతారు, చదివినవాళ్లు మార్కుల కోసం మాట్లాడతారు.

ప్రశ్నలు మూడు రకాలు. "ఉత్తరం ఎవరు కాల్చేశారు?" అన్నదానికి జవాబు పుస్తకంలోనే ఉంటుంది, ఒక్క మాటతో అయిపోతుంది. "కాల్చడం తప్పా ఒప్పా?" అంటే పుస్తకం పక్కకు పోయి అందరూ తమ అభిప్రాయాలు చెప్తారు. మధ్యలో ఉంది అసలు ప్రశ్న: "చదవకుండానే కాల్చేసింది కదా, అందులో ఏముందో ఆమెకు ముందే తెలుసా?" దీనికి జవాబు చెప్పాలంటే పుస్తకం తెరవాలి, ఆ పేజీ మళ్లీ చదవాలి. రెండు రకాలుగా చెప్పొచ్చు, రెండిటికీ పుస్తకంలోనే ఆధారాలు దొరుకుతాయి. అలాంటి ప్రశ్న ఒక్కటి చాలు, గంట గడిచిపోతుంది. సగం చదివినవాళ్లు కూడా ఆ ఒక్క పేజీ అక్కడే చదివి మాట్లాడగలరు.

చెట్టుకింద_చదువు
ఆ ఉత్తరం ఏ పుస్తకంలోదండీ? చదవాలనుంది.

ప్రశ్నార్థకం
ఉదాహరణ కోసం ఇప్పటికిప్పుడు అనుకున్నదేనండీ, ఏ పుస్తకంలోదీ కాదు :)

వినేచెవి
నాకు చూపు లేదు. ఆడియోలో విని చర్చకు వెళ్తాను. బృందాలు నడిపేవాళ్లకు ఒక మాట. "112వ పేజీ తీయండి" అంటే నేనక్కడే ఆగిపోతాను. నా పుస్తకంలో పేజీలు ఉండవు. "ఏడో అధ్యాయం, వాన మొదలయ్యే చోటు" అనండి, వెంటనే అక్కడికి వెళ్లిపోతాను. ఒక్కో అచ్చులో పేజీ నంబర్లు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇది మిగతావాళ్లకూ మేలే.

ఇంకొకటి. పుస్తకం ఎంచుకునేటప్పుడు అది ఆడియోలో గానీ, మేం చదవగలిగే మరో రూపంలో గానీ దొరుకుతుందా అని చూడండి. 2013 నాటి మరాకేష్ ఒప్పందం వల్ల కాపీరైట్ అడ్డం రాకుండా అలాంటి ప్రతులు తయారు చేసుకునే వీలు, దేశాల మధ్య పంచుకునే వీలు వచ్చాయి. ఒప్పందం ఉన్నంత మాత్రాన ప్రతి పుస్తకం సిద్ధంగా ఉండదు. రెండు నెలల ముందు పేరు తెలిస్తే వెతుక్కోగలను. వారం ముందు చెప్తే నేను ఇంట్లో ఉండిపోవడమే.

కౌంటర్_అవతల
వినేచెవి గారూ, పేజీకి బదులు అధ్యాయం అన్న మాట ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఈ నెల నుంచే మా బృందంలో అలాగే చెప్తాం.

గణితశాస్త్ర అధ్యాపకుడిగా ఉండి లైబ్రరీకి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. "ప్రతి చదువరికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి" అన్నవి అందులో రెండు, మూడు. మీరు చెప్పింది సరిగ్గా అదే.

ఆకాశవీధి
ఊరంతా ఒకే పుస్తకం చదివే పద్ధతి ఎవరైనా చేశారా? 1998లో సియాటిల్ లైబ్రరీలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ మొదలుపెట్టారు కదా. మూడేళ్లకు షికాగో కూడా అందుకుంది.

కౌంటర్_అవతల
అది పెద్ద పని. వందల కాపీలు కావాలి, డబ్బు కావాలి. ఐదుగురు మిగిలిన బృందానికి ఇప్పుడే వద్దు.

పాతపుటలు
నాదొక అభ్యంతరం. కౌంటర్ గారు చర్చను లైబ్రరీ అందించే ఒక సేవగా చెప్పారు. చరిత్రలో ఇది తలకిందులుగా జరిగిన చోట్లు ఉన్నాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో స్నేహితులతో జుంటో అనే చర్చా బృందం పెట్టాడు. మాట్లాడుకోవడానికి పుస్తకాలు చాలడం లేదని ఎవరి పుస్తకాలు వాళ్లు తెచ్చి ఒక గదిలో పెట్టుకున్నారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత 1731లో చందాలు వేసుకుని లైబ్రరీ కంపెనీ పెట్టారు. చందాదారుల లైబ్రరీయే, ఇప్పటి పబ్లిక్ లైబ్రరీ లాంటిది కాదు. అయినా చర్చ ముందు పుట్టింది, లైబ్రరీ తర్వాత పుట్టింది. స్వీడన్‌లో 1902లో ఆస్కార్ ఓల్సన్ మొదలుపెట్టిన స్టడీ సర్కిళ్లలో కూడా ఉపాధ్యాయుడు ఉండడు. పుస్తకం, దాని చుట్టూ మనుషులు, అంతే. కాబట్టి మూడోవరుస గారూ, మీరు నడుపుతున్నది పక్కగదిలో జరిగే చిన్న పని అనుకోకండి.

మూడోవరుస_కుర్చీ
అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. బోర్డు ఆలోచన మానేశాను. ఈ నెల పన్నెండు పేజీల కథ ఒకటి తీసుకుంటున్నాను. ముందుగా చదివి రానక్కర్లేదు, మొదటి ఇరవై నిమిషాలు అక్కడే చదువుకోవచ్చు. పెద్దాయనకు ఇవాళే ఫోన్ చేస్తాను. ఏం మాట్లాడాలో తాతగారి పోస్టు చూసి కాగితం మీద రాసుకున్నాను. జరిగాక వచ్చి చెప్తాను.

తాతగారి_కళ్లజోడు
రాసుకున్నది చూసి చదవకమ్మా. మామూలుగా మాట్లాడు, చాలు.

పుస్తకాలపురుగు
(నాలుగు వారాల తర్వాత) మూడోవరుస గారూ, ఏమైంది? ఎదురుచూస్తున్నాం.

మూడోవరుస_కుర్చీ
నిన్ననే జరిగింది. తొమ్మిది మంది వచ్చారు.

పెద్దాయన ఐదు నిమిషాలు అడిగితే ఏడు తీసుకున్నారు, అంతే. కథ రాసిన కాలం గురించి చెప్పి, "ఇక మీరు చెప్పండి" అని నిజంగానే ఆగారు. ఇరవై నిమిషాలు అందరూ కథ చదివారు. ఏడాదిన్నరలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. అప్పుడు నాకు జవాబు తెలియని ప్రశ్నే అడిగాను: కథలో తండ్రి స్టేషన్ దాకా వచ్చి కూడా లోపలికి ఎందుకు రాలేదు? ఒకరు కోపం అన్నారు, ఒకరు సిగ్గు అన్నారు. కోపం అన్నాయన కథ తెరిచి ఒక వాక్యం చదివి వినిపించారు. అదే వాక్యం పట్టుకుని సిగ్గు అన్నావిడ వాదించారు.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. పక్క బల్ల దగ్గర రోజూ పేపర్ చదివే ఇద్దరున్నారు. ఏడాదిన్నరగా మా వైపు చూసింది లేదు. వాళ్లలో ఒకాయన పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఆ తండ్రి కాళ్లకు చెప్పులున్నాయా? కథలో ఏమని రాశారు?" అని అడిగారు. అందరం పేజీలు తిప్పాం. చెప్పుల మాట ఎక్కడా లేదు. కానీ ఆ ప్రశ్నతో చర్చ మొత్తం మారిపోయింది. లైబ్రరీ మూసే వేళయిందని లైబ్రేరియన్ వచ్చి చెప్పేదాకా ఎవరూ లేవలేదు.

నోట్‌బుక్ అమ్మాయి మాత్రం రాలేదు.

రెండోముద్రణ
ఆ అమ్మాయి లైబ్రరీకి అయితే వస్తూనే ఉంటుంది కదా. కనిపిస్తే మీరే పలకరించండి. ఆ రోజు ఏం రాసుకొచ్చిందో అడగండి.

మూడోవరుస_కుర్చీ
అడుగుతాను. వచ్చే రెండు నెలలకు ఒక చిన్న నవల అనుకున్నాం, 140 పేజీలు. ఆడియో కూడా ఉందని చూశాకే ఖాయం చేశాం.

కౌంటర్_అవతల
కాపీలు ఎన్ని?

మూడోవరుస_కుర్చీ
మా దగ్గర రెండు. పక్క శాఖలో నాలుగు ఉన్నాయట, రేపు పొద్దున్నే రాసి పంపిస్తాను.